పదకొండు మంది నూకరత్నాలు

కళావతి ఏ పనికైనా ముందు పెట్టుబడెంత, రాబడెంత అని చూసుకునే మనిషి. నర్సీపట్నంలో ఇరవై ఏళ్లుగా లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతోంది. నలభై ఆరేళ్ల వయసులో పక్క సందు కంప్యూటర్ సెంటర్లో పైథాన్ క్లాసుకు చేరిందీ లెక్క చూసుకునే. రోజుకో గంట ఖర్చు. కొలతల పుస్తకం తిరగేసే రెండు గంటలు మిగులు.

అంతలో జీడిపప్పు ఫ్యాక్టరీ బేరం వచ్చింది. నూట పద్దెనిమిది మంది ఆడవాళ్లకు యూనిఫాం జాకెట్లు.

"పోయినేడు కుట్టినోడు సగం మందికి బిగుతు, సగం మందికి వదులు సేసేడండి," అన్నాడు మేనేజరు నారాయణమూర్తి. "శుక్రవారం ఒక్కో మనిషి కొలతా సూపించండి. తేడా లేకపోతే ఏటేటా ఆర్డరు మీదే. ఉంటే మా గేటు దగ్గరికి రాకండి."

కళావతి పుస్తకం మానేసి, టేపుతో కొలిచినవి కొలిచినట్టే ల్యాప్‌టాప్‌లో ఎక్కించింది. పైథాన్‌లో డిక్షనరీ అనే పట్టీ కట్టింది: పేరు కీ, దానికి జతగా కొలతలు. పేరు కొడితే కొలతలు రావాలి. గురువారం పొద్దున్న మొత్తం ఎంతమందో అడిగితే ల్యాప్‌టాప్ తొంభై ఏడు అంది.

క్లాసు చెప్పే సాయిలక్ష్మి చూసి నవ్వింది. "అత్తా, డిక్షనరీలో ఒక కీకి ఒకటే సోటు. అదే పేరు మళ్లీ ఇస్తే పాత కొలతలు పోయి కొత్తవి కూకుంటాయి."

"ముందే సెప్పవేటే?"

"రెండో క్లాసులోనే సెప్పేను. నువ్వప్పుడు హుక్కులు కుడతన్నావు."

గ్రామదేవత నూకాలమ్మకు మొక్కుకుని బిడ్డకు ఆ పేరు కలిపి పెట్టుకున్న ఇళ్లు ఆ చుట్టుపక్కల కొల్లలు. ఇక్కడే పుట్టి పెరిగిన తనకు ఆ సంగతి తట్టనందుకే కళావతికి ఎక్కువ మండింది. మధ్యాహ్నం భోజనాల వేళకు ఫ్యాక్టరీలో ఉంది.

"నూకరత్నం ఎవరమ్మా?"

పదకొండు మంది లేచారు.

"ఏ నూకరత్నం కావాలమ్మా, వాగేదా, తినేదా?" అంది వెనక నుంచి ఒకామె. షెడ్డంతా నవ్వింది.

జోగులమ్మలు ఆరుగురు తేలారు, సోమలమ్మలు ఏడుగురు. అందరినీ మళ్లీ కొలిచింది. వాళ్లనీ, మిగతావాళ్లనీ ఊరూ ఇంటిపేరూ అడిగి రాసుకుంది.

"కొలిసినోళ్లనే కొలుత్తన్నారేటండీ?" అన్నాడు నారాయణమూర్తి.

"మొన్న తప్పు నాదేనండి. రేపు సరైన లిస్టు సూత్తారు." తప్పు దాచడం కన్నా ఒప్పుకోవడం చవకని ఆమె ఎప్పుడో తేల్చుకుంది.

సాయంత్రం ఊరు, ఇంటిపేరు, పేరు మూడూ కలిపి ఒకే స్ట్రింగుగా, అంటే ఒకే అక్షరాల వరుసగా అతికి, దాన్ని కీ చేసింది. ఈసారి నూట పందొమ్మిది వచ్చింది. ఒక జోగులమ్మ రెండుసార్లు ఎక్కింది. రెండోసారి పేరు చివర ఖాళీ పడింది. కంటికి కనబడని ఆ ఖాళీ కూడా యంత్రానికి అక్షరంతో సమానం. సాయిలక్ష్మి చెయ్యి చాపేలోగా, చివరి ఖాళీలు కత్తిరించే లైను కళావతే రాసింది.

నూట పద్దెనిమిది.

శుక్రవారం నారాయణమూర్తి తనకు తోచిన పేర్లు అడిగాడు. కృష్ణదేవిపేట నూకరత్నాన్ని, ఎస్. రాయవరం నూకరత్నాన్ని పిలిపించి, టేపు తెప్పించి, ఎదురుగా కొలిపించాడు. అంగుళం కూడా తప్పలేదు. మూడో మనిషి దగ్గర టేపు చుట్టేశాడు.

"ఆర్డరు మీదేనండి. ఆ లిస్టు మాకూ ఒకటి ఇచ్చీండి, హాజరుకి పనికొత్తాది."

కళావతి ల్యాప్‌టాప్ మూసింది.

"ఇత్తానండి. జాకెట్ల రేటు జాకెట్లదే. లిస్టు రేటు ఏరే."

"ఎంతేటండీ?" అంటూ నారాయణమూర్తి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.