మూడు చీటీలు

ఏడో ఇంట్లో పొగ అలారానికి ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. ఆయన నిచ్చెన మీదనే నిలబడి ఆ సంచిని విప్పి, ఇంటావిడకు కనపడేలా రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. వేపుళ్లు చేసినప్పుడల్లా గోల పెడుతోందని కట్టానని, తర్వాత విప్పడం మరిచిపోయానని ఆవిడ నసిగింది. పొగ ముందుగా కబురు పెట్టి రాదమ్మా అని ఎప్పుడూ అనే మాటే మొదలుపెట్టాడు గానీ, ఇవాళ దాన్ని సగంలోనే మింగేశాడు. పొడిబట్టతో దుమ్ము తుడిచి, కొత్త బ్యాటరీ వేసి, బొత్తాం నొక్కాడు. అలారం చెవులు చిల్లులు పడేలా అరిచింది. పరవాలేదన్నట్టు తలూపి కిందికి దిగాడు.

పొట్టి మనిషి. కుడి మోకాలికి సాగే పట్టీ, కనుబొమల మీద ఎప్పుడూ సున్నం పొడి. చొక్కా జేబులో ఒక పెన్ను, ఒక చీటీల పుస్తకం. ఈ ఆరు బ్లాకుల్లో పొగ అలారాలన్నీ ఏడాదికోసారి నొక్కి చూడటం ఇరవై రెండేళ్లుగా ఆయన పని. పిల్లలు ఆయన్ను కుయ్ మామయ్య అంటారు. అంతకుమించి ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. తన ఇంట్లో ఉన్న రెండు అలారాలను మాత్రం నెలనెలా ఒకటో తారీఖున తప్పకుండా నొక్కుతాడు. మా ఆయన నొక్కకుండా వదిలిన బొత్తాం ఈ చుట్టుపక్కల లేదు అని భార్య పక్కింటావిడతో గొప్పలు పోతుంటుంది. ఒకప్పుడు ఆ మాట వినపడితే కాస్త ఛాతీ పొంగేది. ఇప్పుడు మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్లిపోతాడు.

కారణం ఆరో బ్లాకు. దానికి లిఫ్ట్ లేదు. నాలుగో అంతస్తులో డాబాను ఆనుకుని ఒకే ఒక ఇల్లు. అందులో డెబ్బై ఆరేళ్ల కుట్టుపని ఆవిడ ఒక్కతే ఉంటుంది. మూడేళ్ల కిందట మోకాలు వాచి, రెండో అంతస్తు దాకా ఎక్కి, పైకి చూసి, ప్రాణం ఉసూరుమని వెనక్కి దిగాడు. తలుపు తీయని ఇళ్లకు ఇచ్చే చీటీ ఒకటి ఉంటుంది. 'వచ్చాం, తలుపు తట్టాం, ఎవరూ తీయలేదు' అని రాసి, తారీఖు వేసి, కింద మెట్ల దగ్గరున్న ఆవిడ ఉత్తరాల పెట్టెలో పడేశాడు. మరుసటేడు మోకాలు బాగానే ఉంది. అయినా చీటీయే వేశాడు. మొదటిసారి నొప్పి, రెండోసారి బద్ధకం, మూడోసారి అలవాటు. మూడు చీటీలు పడితే, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లయితే, వారి బంధువులకు ఆఫీసు ఉత్తరం రాస్తుంది. ఆ నియమం ఆయనకు తెలియనిదేం కాదు. కొత్తవాళ్లకు చెప్పేదే ఆయన.

పొద్దున ఆఫీసు గుమాస్తా తాళాల గుత్తి సర్దుతూ మాటవరసకు చెప్పాడు. నాలుగో అంతస్తు ముసలావిడ ఇవాళ ఖాళీ చేస్తోందట. ఏళ్ల తరబడి తలుపు తట్టినా వినపడలేదంటే, రేపు నిప్పంటుకుంటే ఏం వినపడుతుందని మేనకోడలు భయపడిందట. మధ్యాహ్నం వచ్చి తన ఊరికి తీసుకుపోతుందట. నువ్వెళ్లి అలారం చూసి, ఇల్లు ఖాళీ చేసినట్టు ఈ కాగితం మీద సంతకం పెట్టించుకుని తాళం తీసుకురా, ఆవిడ సంతకం అయ్యేదాకా ఇల్లు ఆవిడదే, తొందరేం లేదు అన్నాడు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. సంతకం అయ్యేలోపు తాను ఒక్క మాట నోరు విప్పితే ఆవిడ ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ మాట చెబితే, మూడు నెలల్లో రిటైరవ్వబోయే తాను ఇక్కడ తలెత్తుకు తిరగలేడు. పొద్దుటినుంచీ ఏడు ఇళ్లూ ఆ మాటను మోసుకునే తిరిగాడు. మామూలుగా పావుగంటలో అయ్యే ఇంటికి అరగంట పట్టించాడు.

మధ్యాహ్నం కావస్తుండగా ఆరో బ్లాకు మెట్లెక్కాడు. నిచ్చెన కింద వదిలేశాడు. ఎక్కుతుంటే మోకాలు ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు. అదింకా సిగ్గనిపించింది. తలుపు మీద వేలి కణుపుతో మెల్లగా రెండుసార్లు తట్టాడు.

వెంటనే తలుపు తెరుచుకుంది.

మనిషి సన్నగా, శుభ్రంగా ఉంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, సామానంతా సర్దేసినా దాన్ని తీయడం మరిచిపోయినట్టుంది. గదిలో అట్టపెట్టెలు, మూత బిగించిన కుట్టుమిషను. మేనకోడలు కింద బండిలో సామాను సర్దిస్తోందని చెప్పింది. గది మధ్యన, అలారం కిందికి సరిగ్గా, ఒక చెక్క కుర్చీ వేసి ఉంది. దాని మీద పాత దినపత్రిక పరిచి ఉంది.

ఏటా మీరొస్తారని నోటీసులో వేసిన రోజున పొద్దున్నే ఇలా కుర్చీ వేసి, పక్కనే కూర్చునేదాన్నని చెప్పింది. మిషను కూడా తొక్కేదాన్ని కాదట, ఆ చప్పుడులో తలుపు వినపడదేమోనని. అయినా సాయంత్రం దిగి చూస్తే పెట్టెలో చీటీ ఉండేదట.

"నా చెవులు పాడుగాను, మిమ్మల్ని మూడుసార్లు తిప్పాను బాబూ. అన్ని మెట్లెక్కి వచ్చి ఉత్తినే పోయారు. ఏమీ అనుకోకండి."

ఆయన బూట్లు విప్పబోతే వద్దంది. అందుకేగా కాగితం పరిచాను, ఎక్కండి, కుర్చీ పొట్టి కాలి కింద మడత పెట్టాను, కదలదు అంది. ఎక్కి బొత్తాం నొక్కాడు.

ఏ చప్పుడూ లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. అప్పుడూ అంతే.

కింద ఆవిడ తల పైకెత్తి ఆయన ముఖంలోకి చూస్తోంది. "నొక్కారా?" అని అడిగింది. తప్పు చేసిన పిల్లలా నవ్వింది. "చూశారా, ఇది కూడా వినపడలేదు నాకు. మా పిల్ల భయపడిందంటే పడదూ మరి."

ఆయన కళ్లు మూసుకున్నాడు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. చచ్చేముందు నిమిషానికోసారి కిచుక్కుమని రోజుల తరబడి పిలిచే ఉంటుంది. ఆ మాటే ఆవిడ తనంతట తాను చెప్పింది. పోయినేడు కొన్నాళ్లు ఇంట్లో పిట్ట కూసినట్టుండేదట. ఫోనులో చెబితే, అది చెవుల్లో రొద అత్తయ్యా, వయసొచ్చింది అని మేనకోడలు అందట. నిజమే కాబోలనుకుందట.

"బ్యాటరీ అయిపోయిందమ్మా. అది అరవలేదు" అన్నాడు. ఆ మాత్రం నిజం ఎలాగో బయటికొచ్చింది.

కొత్త బ్యాటరీ వేసి నొక్కాడు. సగం ఖాళీ అయిన గదిలో ఆ అరుపుకి కిటికీ అద్దాలు వణికాయి. ఆవిడ రెండు చేతులతో చెవులు మూసుకుని, అమ్మ బాబోయ్ అంటూ పకపకా నవ్వింది. తర్వాత చేతులు దించింది. నవ్వు మెల్లగా ఆగిపోయింది. మూసి ఉన్న తలుపు వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

"ఇవాళ కూడా మీరు మెల్లగానే తట్టారు. వినపడిందే నాకు. మరి అప్పుడు... గట్టిగానే తట్టారా బాబూ?"

ఇదే ఆ ఘడియ. కుర్చీ మీద నిలబడి, బూటు కింద పత్రిక నలుగుతుంటే, చెప్పెయ్యి, చెప్పి చావు అని తనను తాను తిట్టుకున్నాడు.

"తట్టానమ్మా" అన్నాడు.

ఆవిడ మెడలోని టేపు తీసి వేళ్లకు చుట్టింది. "అయితే సరే" అంది. ఇంకేం అడగలేదు. నమ్మిందో, నమ్మలేదని చూపించడం ఇష్టంలేక ఊరుకుందో ఆయనకు తెలియలేదు. మేనకోడలు పైకొచ్చి, ఇక పోదామా అత్తయ్యా అంటూ చివరి పెట్టె ఎత్తుకుంది. కూలి మనిషి మిషను మోసుకుపోయాడు. ఆవిడ ఆయన తెచ్చిన ఆఫీసు కాగితం మీద సంతకం చేసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. కుర్చీకి బండిలో చోటు లేదని, ఎవరైనా వాడుకుంటారులెమ్మని చెప్పింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏదో వినడానికన్నట్టు తల పక్కకు వంచింది. తర్వాత గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.

కిటికీలోంచి బండి బయల్దేరిన చప్పుడు వినిపించింది. మలుపు దగ్గర కాసేపు ఆగింది కూడా. నాలుగు అంతస్తులు దిగడానికి రెండు నిమిషాలు చాలు. ఆయన తాళంచెవి పట్టుకుని నిలబడే ఉన్నాడు. బండి మలుపు తిరిగింది. తనలాంటి మనిషి ముఖం మీద ఉమ్మేసినా తప్పులేదనిపించింది.

కుర్చీని గోడకు జరుపుదామని వంగాడు. పొట్టిగా ఉన్న కాలి కింద కాగితాల మడత. లాగి విప్పి చూశాడు. మూడూ తన చేతిరాతే. 'వచ్చాం, తలుపు తట్టాం, ఎవరూ తీయలేదు.'

ఎవరూ చూడటం లేదని తెలిసినా అటూ ఇటూ చూశాడు. వాటిని మడిచి చొక్కా జేబులో కుక్కుకున్నాడు. బయటికొచ్చి తాళం వేశాడు.

లోపల, అలారం కింద, బూటు గుర్తులున్న పత్రికతో ఆ కుర్చీ ఒక పక్కకు ఒరిగి ఉండిపోయింది.