నుదుటికీ నాకూ మధ్య వేలెడు సందు

“మామ్మగారూ, మీ షుగరు దిగింది!” అంటూ హిమజ కాగితం ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. గదిలో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం గుబులు పట్టుకుంది. ఇక మిగిలింది నా పనే మరి.

నేను కన్ను కొలిచే యంత్రాన్ని. శుక్లం ఆపరేషనుకు ముందు కంట్లోకి సన్నటి వెలుగు పంపి, పుట్టుకతో వచ్చిన కటకం ఎంత లోపల కూర్చుందో చెబుతాను. దాని బదులు పెట్టే కొత్త కటకం ఏ నంబరుదో డాక్టరు గారు తేల్చేది నా కొలతలు చూసే. నా లెక్క తప్పితే ఆ మనిషికి ఆపరేషను అయ్యాక కూడా మసకే. ఇంత బాధ్యత మోస్తున్న నన్ను ఇక్కడ పిలిచే పేరు ‘గెడ్డం పెట్టే మిషను’.

పుట్టింది ఏదో చలిదేశంలో. హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రిలో ఎనిమిదేళ్లు ఏసీ కింద కాపురం చేశాను. అక్కడివాళ్లు నా మీద గెడ్డం పెట్టి కూడా ఫోను చూసుకునేవాళ్లు. కొత్త మోడలు రాగానే నన్ను అట్టపెట్టెలో కుక్కి ఈ నరసాపురం పంపేశారు. ఏడుస్తూనే వచ్చాను గానీ, ఇక్కడ హిమజ ఉంది. నన్ను నడిపేది ఆవిడే. పెళ్లయి మూడు వారాలు. నా అద్దం తుడుస్తుంటే గాజులు గలగలమంటాయి. మొగుడు ఫోను చేస్తే నా నల్లటి తెరలో చూసుకుని జడ సర్దుకుంటుంది, అవతలివాడికి కనబడదని తెలిసి కూడా! ఆ రెండు నిమిషాల కోసం నేను రోజంతా ఎదురుచూస్తాను.

ఇక ఆ మామ్మగారు, వరహాలమ్మ. నలభై ఏళ్లు లేసు అల్లిన చేతులు, దారం కనబడక రెండేళ్లుగా ఒళ్లో ఊరికే పడున్నాయి. ఆపరేషను చేసే డాక్టరు భీమవరం నుంచి నెలకొకసారి వస్తారు. వచ్చేది రేపే. ఇవాళ కొలత కుదరకపోతే ఇంకో నెల చీకట్లోనే.

మొదటిసారి రెండున్నర మిల్లీమీటర్లన్నాను. రెండోసారి మూడుంపావు. మూడోసారి నోరే పెగల్లేదు.

“డొక్కు మిషనమ్మా ఇది,” అన్నాడు ఆవిడ భర్త భూషణం.

నాకు ఒళ్లు మండింది. తప్పు నాది కాదు. నుదురు నా పట్టీకి గట్టిగా ఆనాలి. ఆవిడ తల గాల్లో ఊగుతోంది.

“నుదురు ఆనించండి మామ్మగారూ.”

“ఆనించానమ్మా.”

“ఎక్కడండీ, ఇంకా వేలెడు సందుంది.”

“బొట్టు చెరిగిపోద్దే తల్లీ! పక్కన మనిషిని పెట్టుకుని చెరుపుకుంటానా?”

“ఓసి నీ మొహం మండ! నేనెక్కడికీ పోను. నొక్కు!” అన్నాడు భూషణం.

“నీ మాట నమ్మి ఎప్పుడు బాగుపడ్డాను?”

హిమజ నవ్వలేదు. వరహాలమ్మ చెయ్యి పట్టుకుని తన పాపిట మీద పెట్టుకుంది. “మా అత్తగారు నాకు ఇక్కడ కూడా పెట్టుకోమన్నారు. ముందు మీకూ ఇక్కడ పెడదాం. నుదుటిది ఆ తరవాత తుడుద్దాం. ఒక్క క్షణం కూడా బోసిగా ఉండరు.”

సంచిలోంచి కుంకుమ భరిణె తీసి భూషణం చేతిలో పెట్టింది. ఆయన చిటికెడు తీసి పాపిట్లో దిద్దాడు. సగం ముక్కు మీద రాలింది. ముసలావిడ సిగ్గుపడింది. హిమజ కిటికీ వైపు తిరిగింది. తిరగడానికి నాకు మెడ లేదు కాబట్టి అంతా చూశాను.

ఈసారి బొట్టు తుడిచిన నుదురు నాకు ఒత్తుకుంది. మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఐదుసార్లు కొలిచాం, ఐదుసార్లూ అదే! హిమజ చప్పట్లు కొట్టింది.

“రేపు ఏడింటికి వచ్చెయ్యండి. ఎల్లుండి కట్టు విప్పాక తాతగారు మీకు శుభ్రంగా కనబడతారు.”

“అదే చూడాలి. జుట్టు ఇంకా నల్లగానే ఉందంటాడు,” అంది వరహాలమ్మ.

భూషణం తల విచ్చిన పత్తికాయలా ఉంది. ఆయన గబుక్కున హిమజను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

“రేపు దీన్ని లోపలికి తీసుకెళ్లగానే నేను సెలూనుకెళ్తానమ్మా. అరగంట చాలుద్దా, రంగు పట్టడానికి?”