పుట్టిలో లేచి నిలబడ్డాం

మజ్జిగ చిలికి, ఉప్పేసి వసారాలోకి తెచ్చేసరికి తాసిల్దారు సగం కాగితం నింపేశాడు. తుంగభద్ర దాటించే పుట్టి, తోలు కట్టిన ఆ గుండ్రటి బుట్టపడవ, ఎందుకు తిరగబడిందో తేల్చి, మళ్ళీ అట్లా జరగకుండా ఏం చెయ్యాలో రాయడానికి కర్నూలు నుంచి వచ్చాడాయన.

"ఆడోళ్ళు నీళ్ళు చూసి భయపడి లేసినారు సార్" అంటున్నాడు మా ఆయన. ఆ పొద్దు ఆయన ఆదోని సంతలో ఉన్నాడు. అయినా కళ్ళారా చూసినట్టే చెబుతున్నాడు. పుట్టిలో ఉన్నది నేను, ఈ ఇంటి పెద్దకోడలు మా యారాలు లక్ష్మీదేవమ్మక్క, మామ దేవేంద్రప్ప, పుట్టి నడిపే కంబన్న. మేం ముగ్గురం బతికాం. అక్క బతకలేదు.

"తోలు చివికిందేమో?" అన్నాడు తాసిల్దారు.

"పోయిన నెలే కొత్త తోలేసినా సామీ." కంబన్న చేతులు జోడించాడు. పుట్టి ఆపేస్తే అతనికి వేరే బతుకుతెరువు లేదు.

అక్కా నేనూ ముందే ఎక్కి ఒక పక్కగా కూర్చున్నాం. నది నడుమ దిబ్బ మీద దోసతోట చూసుకుని మామ అక్కడ ఎక్కాడు. ఎక్కగానే ఇద్దరం లేచాం, పుట్టి మా పక్కకే ఒరిగి తిరగబడింది. పదకొండేళ్ళుగా మామ అలికిడి వింటే లేస్తున్నాను, పొయ్యి ముందు నుంచీ, పసిబిడ్డకు పాలిస్తూ కూడా. కాపురానికొచ్చిన రోజు "మామ వస్తాండాడు, లెయ్ మ్మే" అని మోచెయ్యి పట్టి లేపింది అక్కే. ఆ పొద్దూ అట్లాగే లేపింది. ఆమె చెయ్యి తలుచుకుంటే నాకు ఏడుపాగదు. భయమని రాసేస్తే రేపు ఇంకో కోడలు లేస్తుంది.

"మేం భయపడలే సార్" అన్నాను.

"నువ్వు లోపలికి పో" అన్నాడు మా ఆయన.

"మామ ఎక్కినాడని లేసినాం. మా అక్క మర్యాద చేసి సచ్చిపాయ."

తాసిల్దారు కలం ఆగింది. "నిజమా పెద్దయ్యా?"

మామ తలకున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నిజమేనప్పా. కూసోండని నేనూ అనల్యా" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదలు.

"అయితే ఏం రాయమంటావమ్మా?"

"పుట్టిలో ఎంత పెద్దోళ్ళొచ్చినా ఎవురూ లేయకూడదని రాయండి."

రాశాడు. సాక్షిగా వేలిముద్ర వెయ్యాలి, కూర్చోమన్నాడు. మామ ఎదురుగా చాప మీద కూర్చున్నాను. మామ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి.

నేను లేవలేదు.