తెర వెనక మరియమ్మ గొంతు

నేను ఒక మైకును. పొట్టిగా, బొద్దుగా, మెడ దగ్గర సొట్టపడి, నెత్తిన జల్లెడలాంటి ఇనుప టోపీతో ఉంటాను. ప్రస్తుత నివాసం రేపల్లె దగ్గర ఒక చిన్న ఊళ్ళో చర్చి బీరువా, కింది అర. నా పక్కన పాత కానుకల సంచులూ, కాగితం ఊడిపోయిన క్రిస్మస్ నక్షత్రమూ ఉంటాయి. కొత్తగా వచ్చిన తీగ లేని మైకులు పైన మిలమిలలాడుతూ తిరుగుతున్నాయి. వాటిని చూస్తే నాకేమీ అసూయ లేదు. సరే, కొంచెం ఉంది. అయినా చెప్పుకోవడానికి వాటికేముంది? నాకుంది గనుక చెబుతాను.

నన్ను మద్రాసులో ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో తయారుచేశారు. లోపల పల్చటి పొర, దాని వెనక సన్నటి తీగచుట్ట, ఒక అయస్కాంతం, అంతే నా ఒళ్ళు. మెదడు పెట్టలేదు. అందుకని ఎవరేం చెబితే అది ఉన్నదున్నట్టు పైకి అనేస్తాను. మనుషులకు మెదడుంది కాబట్టి వాళ్ళకు ఆ ఇబ్బంది లేదు.

నా మొదటి యజమాని సినిమా రిక్షా సూరయ్య. కొత్త బొమ్మ వచ్చిందంటే రిక్షాకు రెండు పక్కలా పోస్టర్లు కట్టి, నన్ను మూతికి ఆనించుకుని ఊరూరా ఊదరగొట్టేవాడు. కథానాయికను వర్ణించేటప్పుడు ఎప్పుడూ ఒకటే పాట: పాలరంగు, వెన్నముద్ద, నిండు చందమామ. సూరయ్యది బొగ్గు ఛాయ, అతని భార్యది ఇంకో పిసరు ఎక్కువ. ఇద్దరూ చక్కగానే కాపురం చేశారు. ఒకరోజు టీ కొట్టు దగ్గర నన్ను ఒళ్ళో పెట్టుకుని అసలు గుట్టు విప్పాడు.

“ఆ పిల్లకి తెలుగు ముక్క రాదు. మాటలు ఒకామె చెప్పిద్ది, పాటలు ఇంకొకామె పాడిద్ది. ఈ పిల్ల ఊరికే పెదాలు కదిపిద్ది.”

మరి ఆ మాటలు చెప్పే ఆవిడను ఎందుకు చూపించరో నాకు అర్థం కాలేదు. అడుగుదామంటే నాకు సొంత మాట లేదాయె.

సినిమా హాలు మూతపడి వడ్ల గోదాము అయ్యాక, సూరయ్య నన్ను తాను వెళ్ళే చర్చికి ఇచ్చేశాడు. అక్కడ నా హోదా పెరిగింది. ఎర్ర వెల్వెట్టు తొడుగు కుట్టించారు. ఆదివారం ఆదివారం అయ్యగారి ప్రసంగం నాలోంచే వెళ్ళేది. మా వైపు పాస్టరును అయ్యగారు అంటారు. అక్కడొక వింత చూశాను. మగవాళ్ళు మాట్లాడాలంటే మెట్టెక్కి నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలంటే నన్ను స్టాండు నుంచి ఊడదీసి మెట్టు కిందికి తెచ్చి చేతికిచ్చేవాళ్ళు. మెట్టు ఎత్తు జానెడు. ఆ జానెడు ఆడవాళ్ళు ఎందుకు ఎక్కకూడదో ఎవరికీ గుర్తులేదు. గుర్తులేదు గనుకే అంత గట్టిగా పాటించేవాళ్ళు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా క్రిస్మస్ నాటకం ముప్పై ఏళ్ళుగా యాకోబు మాస్టారి చేతుల్లో ఉంది. ఎలిమెంటరీ స్కూలు పంతులు, మంచి మనిషి, సినిమాలంటే ప్రాణం. ఆయన నాటకంలో హేరోదు రాజు తొడకొట్టి గానీ మాట్లాడడు. బాల ఏసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురూ నల్ల కళ్ళద్దాలతో వస్తారు. ఏసు తల్లి మరియ వేషానికి మాత్రం ఆయన దగ్గర ఒకటే కొలత: గోడమీది కేలండరు. అందులో గులాబి బుగ్గల మరియమ్మ నీలి ముసుగు వేసుకుని ఉంటుంది. ఆ బొమ్మకు ఏ పిల్ల రంగు దగ్గరగా ఉంటే ఆ పిల్లకే వేషం.

ఆ ఏడు కేలండరుకు దగ్గరగా ఉన్నది కాంపౌండరు గారి అమ్మాయి షారోను. తొమ్మిదో తరగతి. బంగారంలాంటి పిల్లే గానీ, పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళకు బయట పనులు గుర్తొచ్చేవి. మరియ పాట పాడగలిగింది ఆమె స్నేహితురాలు కెజియా, మా సూరయ్య మనవరాలు. తాత రంగే వచ్చింది.

“మాస్టారూ, ఈసారి మరియ వేషం నాకివ్వండి. నాలుగు చరణాలూ నోటికొచ్చు,” అని కెజియా ధైర్యం చేసి అడిగింది.

“నీ గొంతు తేనె తల్లీ. కానీ మరియమ్మ తెల్లగా ఉండొద్దా? జనం ఒప్పుకోవద్దా?”

సండేస్కూలు టీచరు సువార్తమ్మ అక్కడే ఉంది. “ఆ ఎండల దేశంలో, నిండు చూలాలు, కొండలెక్కి దిగొచ్చిన మనిషి తెల్లగా ఎట్టుంటదండీ? ఆ కేలండరు వేసినోళ్ళు ఆమెను చూసొచ్చారా ఏంది?”

“నాటకం నాటకమేనమ్మా,” అన్నాడు మాస్టారు. జవాబు దొరకనప్పుడు మనుషులు ఒకే మాటను రెండుసార్లు వాడతారు.

చివరికి సినిమా పద్ధతిలోనే తీర్పు చెప్పాడు. షారోను ముందు నిలబడి పెదాలు కదపాలి. కెజియా తెర వెనక నన్ను పట్టుకుని పాడాలి. కెజియా సరేనంది. రిహార్సల్ అయ్యాక మాత్రం నన్ను ఒళ్ళో బోర్లించి, చప్పుడు కాకుండా ఏడ్చింది. నాకు కోపం వచ్చింది. సినిమావాళ్ళంటే టిక్కెట్లు అమ్ముకోవాలి. వీళ్ళకేం వచ్చింది?

క్రిస్మస్ ముందు ఆదివారం సాయంత్రం చర్చి కిటకిటలాడింది. నాటకం అనుకున్నదానికంటే సాగుతుందని మాస్టారు చివరి నిమిషంలో మరియ పాటను రెండు చరణాలకు కుదించాడు. ఆ సంగతి షారోనుకు చెప్పాడు, గొర్రెల కాపరులకు చెప్పాడు, చివరికి గొర్రెలకు కూడా చెప్పాడు. కెజియాకు చెప్పడం మరిచాడు. తెర వెనకవాళ్ళకు కబురు అందకపోవడం లోకంలో కొత్తేమీ కాదు.

రెండో చరణం కాగానే షారోను నోరు మూసి, చేతులు జోడించి, తల వంచింది. పాట మాత్రం ఆగలేదు. మూతి కదలని మరియమ్మ మూడో చరణం పాడుతుంటే జనం గొల్లున నవ్వారు. మాస్టారు పక్కనుంచి ఆపమని చెయ్యి ఊపాడు. కెజియా చూసింది. ఆమె ఊపిరి ఆగడం నాకు తెలిసింది. అయిపోయింది, ఆపేస్తుంది అనుకున్నాను. ఆ పాట మాస్టారు స్వయంగా రాసిందే: పీఠాల మీదివాళ్ళను దించి మట్టిలో ఉన్నవాళ్ళను పైకెత్తే దేవుడు నన్ను చూశాడని మరియ పాడుతుంది. కెజియా మాస్టారి వైపే చూస్తూ నిండుగా ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తుకుంది.

అప్పుడు షారోను వెనక్కి తిరిగింది. గబగబా వచ్చి దుప్పట్లతో కట్టిన తెరను పక్కకు లాగింది.

“రావే, నాకు సిగ్గుగా ఉంది ఇట్టా నిలబడటం,” అని కెజియా చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చింది. తన నీలి ముసుగు తీసి ఆమె నెత్తిన వేసి, తాను పోయి గొర్రెల మధ్య కూర్చుంది. నాలుగో చరణం కెజియా అందరి ముందూ నిలబడి పాడింది. పల్లవి దగ్గరికొచ్చేసరికి నవ్వినవాళ్ళే గొంతు కలిపారు. వెనక వరసలో సూరయ్య తలగుడ్డతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నా జన్మలో నాలోంచి వెళ్ళిన పాటలన్నిటిలోకీ అదే గొప్పది.

నాటకం అయ్యాక ఫోటోగ్రాఫరు వచ్చాడు. ఏటా మరియను మధ్యలో పెట్టి ఒక ఫోటో తీసి చర్చి గదిలో తగిలించడం ఆనవాయితీ. షారోను కెజియాను మధ్యలోకి నెట్టింది. ఫోటోగ్రాఫరు ఒకసారి ఎగాదిగా చూసి మాస్టారి చెవి దగ్గరికి వంగాడు.

“ఈ పాప మరీ నల్లగా పడిద్దండీ. కాస్త పౌడరు కొట్టిద్దామా?”

మూరెడు దూరంలో ఉన్న కెజియాకు ఆ మాట వినపడింది. తల దించుకుంది. నన్ను రెండు చేతులా గుండెకు ఆనించుకుంది. మాస్టారు ఆమె దగ్గరికి వచ్చి నెత్తిన జారిన ముసుగు సర్దాడు. తర్వాత నా పక్కనే నిలబడి, పెద్దలెవరూ వినకుండా, గొంతు బాగా తగ్గించి ఫోటోగ్రాఫరుతో అన్నాడు.

“వద్దు బాబూ. ముప్పై ఏళ్ళు నేనే తప్పు చేశా. మరియమ్మది ఈ రంగే.”

ఆ సందట్లో నన్ను ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. మాస్టారి గుసగుస చర్చి కప్పు మీది పెద్ద స్పీకరులోంచి పేటంతా, కాలవ గట్టు దాకా మోగిపోయింది. ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు. కెజియా తల ఎత్తి కెమెరా వైపు చూసింది.