కుడికాలు దేన్ని తొక్కుతోంది

ఉదయం ఐదుంబావుకి బయల్దేరాం, ఏడు కాకముందే నా కుడి పిక్క పట్టేసింది, వార్త ఇంతే, మిగతాదంతా నాకూ ఈ కాలికీ మధ్య గొడవ, పిక్క పట్టేస్తే ఆగి, కాలు చాపి, బొటనవేలు పట్టుకుని వెనక్కి లాగాలని మా పరుగు మాస్టారు నేర్పారు, కానీ నేను ఆగితే వెనకాల వస్తున్న వ్యాను ఆగుతుంది, వ్యాను ఆగితే తలుపు తెరుచుకుంటుంది, అందుకని ఆగలేదు, పళ్ళు బిగించి పరిగెడుతున్నాను, వంతెన ఇంకా రాలేదు, వంతెన దాటితే సగం, సగం అనే మాట ఇవాళ నా దగ్గర ఎవరూ ఎత్తకూడదు, ఎందుకంటే మాస్టారి షరతు అదే, మారథాన్‌కి ముందు ఇదే ఆఖరి దూరపు పరుగు, కుంటుతూ కనబడితే ఒకసారి ఈల వేస్తాను, రెండోసారి వేస్తే నోరు మూసుకుని వ్యాను ఎక్కాలి, ఎక్కినవాళ్ళు పోటీ రోజు సగం మారథానే పరిగెత్తాలి, పూర్తిది మర్చిపోవాలి, నా దగ్గర బేరాల్లేవు అన్నారు, బళ్ళో డ్రిల్లు మాస్టారుగా ఆయన రిటైరయ్యారు గానీ ఈల రిటైరవలేదు, మొదటి ఈల నాకు పెట్రోలు బంకు దగ్గరే పడింది, వ్యాను నడిపేది ఆయన బావమరిది, నా పక్కకి వచ్చినప్పుడల్లా అద్దం దించి, రా అక్కా, లోపల ఫ్యాను కూడా ఉంది, మొహమాటపడకు అంటాడు, నువ్వే దిగి నాలుగడుగులు వెయ్యరాదా తమ్ముడూ, పొట్ట తగ్గుతుంది అన్నాను, పొట్ట తగ్గితే స్టీరింగు దేనికి ఆనించాలక్కా అన్నాడు, నవ్వితే పక్కటెముకల కింద కూడా పట్టేస్తోందని అప్పుడు తెలిసింది.

ఈ నొప్పులు ఇవాళ్టివి కావు, పొద్దున మంచం దిగుతుంటే మడమలో మేకు దిగినట్టుంటుంది, స్నానాల గదిదాకా గోడ పట్టుకుని నడుస్తాను, బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది, షిఫ్టు అయ్యాక కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేవడానికి ఒక చెయ్యి బల్ల మీద, ఒక చెయ్యి మోకాలి మీద, అది చూసి మా ఆయన, నిన్నెవరు తరుముతున్నారే ఈ వయసులో, దొంగతనం ఏమైనా చేశావా అంటాడు, అత్తగారు నాతో అనదు, పక్కింటావిడతో అంటుంది నాకు వినబడేలా, మా కోడలు కాళ్ళు అరగదీసుకోడానికి బూట్లు కూడా కొనుక్కుందమ్మా అని, మా అమ్మాయి నూనె సీసా పట్టుకొచ్చి, నొప్పి లేని చోటేదో చెప్పమ్మా, అది వదిలేసి మిగతాదంతా రాస్తాను అంటుంది, డాక్టరు కాలు ముట్టుకోకుండానే పరుగు ఆపెయ్యండి అన్నాడు, పరిగెడతానని నేను చెప్పాను కాబట్టి పరుగన్నాడు, ఏం పని చేస్తారని అడిగాడు, లాండ్రీలో ఇస్త్రీ అన్నాను, ఊఁ అని తరవాతి పేషెంటుని పిలిచాడు, ఇప్పుడు నొప్పి పిక్క నుంచి మోకాలి వెనక్కి పాకింది, పాకనీ, వంతెన కనబడుతోంది.

వంతెన ఎక్కుతుంటే ముందువాళ్ళంతా కనబడుతున్నారు, నా వెనక ఎవరూ లేరు, వ్యాను తప్ప, సగం మారథాన్ పోయినేడాదే పరిగెత్తాను, అదేం తక్కువా అంది మొన్న గుండీలామె, లాండ్రీలో నా పక్క బల్ల దగ్గర ఊడిన గుండీలు కుడుతుంది, తక్కువ కాదు, కానీ చదువు సగంలో ఆగింది, కుట్టుపని నేర్చుకుంటుంటే సగంలో పెళ్ళయింది, ఇక ఇస్త్రీ అంటారా, అది ఎప్పుడూ పూర్తయ్యేది కాదు, మడత నలగకుండా చేసి పంపిస్తాను, వేసుకుంటారు, నలుపుతారు, మళ్ళీ నా బల్ల మీదికే వస్తుంది, హోటలు దుప్పట్లయితే మూడోనాటికే వస్తాయి, ఒక గీత ఉండి, దాన్ని దాటితే అయిపోయినట్టే అనే పని ఇంతవరకు నాకు ఎవరూ ఇవ్వలేదు, ఇది నేను తెచ్చుకున్నాను, ఇది చెబితే గుండీలామె దారం కొరికి, నీ కాళ్ళు నీవి కావమ్మా, కంపెనీవి, పాడు చేస్తే వాళ్ళకి నువ్వే సమాధానం చెప్పుకోవాలి అంది, నవ్వుతూనే అంది.

వంతెన దిగుతుండగా వ్యాను పక్కకి వచ్చింది, ఈసారి అద్దం దించింది బావమరిది కాదు, మాస్టారు, ఈల నోట్లోనే ఉంది, నా మొహం చూడటం లేదు, కాలు చూస్తున్నారు, ఈల తీసి చేత్తో పట్టుకుని, ఆ కుడికాలితో దేన్ని తొక్కుతున్నావమ్మా అన్నారు, దేన్నీ లేదు సార్, పరిగెడుతున్నాను అన్నాను, ఎడమది పరిగెడుతోంది, కుడిది తొక్కుతోంది, చూసుకో అన్నారు, చూసుకున్నాను, ఎడమకాలు మొత్తంగా నేలకి ఆనుతోంది, కుడికాలు వేళ్ళు మాత్రమే ఆనించి మడమ గాల్లో ఉంచుకుని కిందికి నొక్కుతోంది, ఈ కాలిని నేనెరుగుదును, ఇస్త్రీ బల్ల కింద కుడివైపు పెడల్ ఉంటుంది, వేళ్ళతో తొక్కిపెడితే బల్ల లోపలి మోటారు ఆవిరి పీల్చుకుంటుంది, బట్ట బల్లకి అతుక్కుంటుంది, వదిలితే వదులుతుంది, మడమ ఆనించి తొక్కితే ఆలస్యమవుతుంది, పని నేర్పిన ముసలామె మొదటి రోజే చెప్పింది, మడమ సంగతి మర్చిపో పిల్లా అని, మర్చిపోయాను, ఆ మడమ మళ్ళీ ఎవరికీ గుర్తు రాలేదు, అలిసిపోయిన కాలు తనకి వచ్చిన పని చేస్తోంది, ఇక్కడ రోడ్డు మీద, బట్ట లేదు, ఆవిరి లేదు, పెడల్ లేదు, అయినా తొక్కుతోంది.

నాకు కోపం వచ్చింది, కాలి మీద కాదు, పరుగు మొదలుపెట్టి రెండేళ్ళు, ఈ పిక్క అంతకుముందు కూడా నిద్రలో పట్టేసేది, లేచి కూర్చుని నోట్లో కొంగు కుక్కుకునేదాన్ని, అప్పుడు మా ఆయన ఏమన్నాడు, పనిచేసే ఒళ్ళు, నొప్పులుండవా అన్నాడు, అత్తగారు మా కోడలు కష్టజీవి అంది, ఇదే డాక్టరు మాత్రలు రాశాడు, ఇస్త్రీ ఆపెయ్యమని ఒక్కరూ అనలేదు, అనమని నేనూ అడగను, ఆ జీతంతోనే ఇల్లు నడుస్తోంది, కానీ జీతం కోసం నొప్పి పడితే కష్టజీవిని, నా కోసం పడితే పిచ్చిదాన్నా, ఇదెక్కడి న్యాయం, మడమ ఆనించు, ఆనించు, గట్టిగా ఆనించు, ఆనిస్తుంటే మేకు దిగుతోంది, దిగనీ, ఇది నా నొప్పి, దీన్ని నేను ఎంచుకున్నాను, మడమ, తరవాత వేళ్ళు, మడమ, తరవాత వేళ్ళు, వ్యాను పక్కనే వస్తోంది, ఈల మళ్ళీ నోట్లోకి వెళ్ళింది, నేను అటు చూడలేదు, సందు మలుపు, స్కూలు గోడ, మూసిన కొట్లు, ఇంజను చప్పుడు చెవి పక్కనే, కాసేపటికి ఆ చప్పుడు వెనకపడింది, ఈల వినబడలేదు.

పరుగు ముగిసే స్టేడియం గేటు దగ్గర మా ఆయన బండి వేసుకుని ఉన్నాడు, ఎలాగూ వ్యానులో దిగుతావు, అక్కణ్ణుంచి ఎత్తుకెళ్దామని వచ్చాను అన్నాడు, నేను కాళ్ళతోనే వచ్చాను, అందరికంటే ఆఖరున వచ్చాను, మాస్టారు వ్యాను దిగి, నీది పూర్తి మారథానే అన్నారు, అని, కానీ ఆ కాలి సంగతి చూసుకో, అది ఇక్కడ పాడవలేదు అన్నారు, మా ఆయన నా బూటు లేసులు విప్పడానికి వంగాడు, వంగి, ముడితో కుస్తీ పట్టాడు, నేను వంగలేకపోయాను, అది నిజం.

సోమవారం ఎనిమిదింటికి బల్ల కిందికి దూరాను, గుండీలామె, ఏం పోగొట్టుకున్నావే అంది, మడమ అన్నాను, సూపర్‌వైజర్ వచ్చాడు, ఏంటక్కడ పని అన్నాడు, పెడల్ ఎడమవైపుకి జరిపాను సార్, ఒక వారం అటు, ఒక వారం ఇటు తొక్కుతాను, ఎవర్నడిగి జరిపావు, నా కాలినడిగి జరిపాను, అతను బల్ల కిందికి వంగి చూశాడు, నేనూ మళ్ళీ చూశాను, పెడల్ నేలకి బిగించి ఉంటుందని ఇన్నేళ్ళూ అందరం అనుకున్నాం, దానికి ఒక రబ్బరు గొట్టం తప్ప ఏమీ లేదు, బోల్టులు లేవు, ఎప్పుడూ లేవు.