అక్క మెడ మీద పులిపిర్లు

ఆ ఆదివారం చర్చిలో లిసియాతే చెవికి పాట ఎక్కలేదు. ముందు బల్ల మీద అతని అక్క లుపే కూర్చుంది, జుట్టు పైకెత్తి ముడేసుకుని. మెడ చుట్టూ నల్లటి చార, దాని మీద మినపగింజలంత పులిపిర్లు, ఏడో ఎనిమిదో. పదహారేళ్లుగా నర్సు పని చేస్తున్నవాడికి ఒకరు చెప్పాలా? పులిపిర్లతో ప్రమాదమేమీ లేదు. కానీ షుగర్ ముదిరిన చాలామంది మెడలు ఇలాగే ఉండడం అతను చూశాడు. అక్క ఒక్కసారి రక్తం పరీక్ష చేయించుకోవాలి, అంతే.

అంతేనా! టోంగా దీవుల్లో అక్క ఒంటి గురించి తమ్ముడు నోరెత్తకూడదు. ఊహ తెలిశాక ఇంట్లో వాళ్లిద్దరూ ఒకే గదిలో కూర్చుని ఎరగరు. ఊరందరికీ సూది గుచ్చే మొనగాడు సొంత అక్క దగ్గర మూగవాడు.

ఇంటికొచ్చి భార్య సేనిని పట్టుకున్నాడు.

"నువ్వైనా చెప్పవే, పరీక్ష చేయించుకోమని."

"నేనా! ఆడపడుచుకి వంక పెట్టేంతదాన్నా? మీ అక్క నన్ను నిలువునా కడిగేస్తుంది."

సణుగుతూనే వెళ్లింది. తిరిగొచ్చాక "చెప్పావా?" అన్నాడు.

"పులిపిర్లకి దారం కట్టి తెంపెయ్యమంది, కట్టాను," అని సేని వంటింట్లోకి పోయింది.

చెప్పలేకపోయిందనుకున్నాడు. మూడు వారాలకు లుపే మెడ మీద పులిపిర్లన్నీ రాలిపోయాయి. పులిపిర్లు రాలితే షుగర్ రాలుతుందా? అయినా సేనిని మళ్లీ పంపలేదు. పరువు పోతుందని, రేపు చూద్దామని ఏడాదిన్నర నెట్టుకొచ్చాడు పిరికివాడు.

పీతల కోసం సముద్రంలోకి దిగినప్పుడు పగడపు రాయి లుపే పాదం కోసింది. పుండు మానలేదు. పెద్దాసుపత్రికి చేర్చేసరికి విషం ఒళ్లంతా పాకింది. నాలుగో రోజున పోయింది.

కడసారి కూడా తమ్ముడు దగ్గరికి పోకూడదు. సంతాపానికి గుర్తుగా చిరుగుల చాప నడుముకు చుట్టుకుని, పెరట్లో గుంటపొయ్యి దగ్గర వచ్చినవాళ్లకి దుంపలు కాల్చడమే అతని పని. పొగ కళ్లలోకి పోతున్నా లిసియాతే పక్కకి జరగలేదు.

సేని వచ్చి పక్కన కూలబడింది. "ఆ రోజు నేను చెప్పాను," అంది.

"ఏం చెప్పావు?"

"వదినా, ఒకసారి షుగర్ చూపించుకోరాదా అన్నాను. నవ్వింది. 'ప్రతి ఆదివారం నా తమ్ముడు వెనకే కూర్చుంటాడు. వాడు నర్సు. నా మెడలో ఏదైనా ఉంటే వాడు ఎవరిచేతనైనా కబురు పంపకుండా ఉంటాడా? నీకెందుకే పిల్లా భయం,' అంది."

"నేనే పంపానని చెప్పలేదూ?"

"నీ పరువు పోతుందని భయపడి చెప్పలేదు," అని సేని భోరుమంది.

లోపల పాట అందుకున్నారు. లిసియాతే దుంపల మీద ఆకులు కప్పాడు, ఆకుల మీద మట్టి పోశాడు.

"పంపింది నేనే అక్కా," అన్నాడు. సేని తప్ప వినేవాళ్లు లేరు.