నార నడిచే దిక్కు

నార పరిచి అచ్చుపోసిన షీట్ల కోతలో మిగిలిన ముక్కను చెత్తబుట్టలో వేయబోతూ కోడలు అలవాటుగా రెండు చేతులతో వంచి చూసింది. పొడవునా నార ఉన్న పలక అంత తేలిగ్గా వంగకూడదు. ఇది వంగింది. ఇంకాస్త ఒత్తితే చిట్లింది.

"అత్తయ్యా, నేను కోయకముందు ఈ షీట్లను ఏమైనా చేశారా?"

"తుడిచాను. సుద్ద గీతలతో అంత మురికిగా బడికి పంపిస్తే ఏమనుకుంటారు?"

ఆ గీతలు, లోపల నార ఎటు నడుస్తోందో చెప్పే బాణం గుర్తులు. షీట్లేమో నలుచదరం, ఎటు తిప్పినా ఒకేలా ఉంటాయి. గుర్తులు కనిపించకపోయినా, పేర్చిన వరుస మారలేదులే అనుకుని కోడలు కోసేసింది.

"తుడిచాక ఎలా పేర్చారు?"

"ఎలా పడితే అలా. వాటికి తలా తోకా ఉంటుందని నాకేం తెలుసు?"

వాటి నుంచి కోసిన పట్టీలే గాడిలో గాడి దిగి, ఒక్క మేకు లేకుండా, బడిలో కొత్త వేదికను మోస్తున్నాయి. కాసేపట్లో పిల్లలు దానిమీద నిలబడి పాడతారు.

"నిన్న నువ్వే ఎక్కి గెంతావుగా, ఆగిందిగా."

"నేనొక్కదాన్నే కదా అత్తయ్యా."

పెద్ద టీచరు ఫోన్ తీయలేదు. బడికి వెళ్లే ఆటోలో అత్తగారు దారి పొడవునా గొణుగుతూనే ఉన్నారు. "ముసలిదానికి శుభ్రత పిచ్చి అని చెప్పెయ్యి. నీ మీద వేసుకోకు."

"చూసుకోకుండా కోసింది నేనే."

వాళ్లు వెళ్లేసరికి ముందు వరుస పిల్లలు మెట్టు మీద కాలు పెట్టి ఉన్నారు.

"దింపెయ్యండి మేడం. దీన్ని విప్పాలి."

"ఇప్పుడా? తల్లిదండ్రులు వచ్చే వేళకి?" పెద్ద టీచరు గొంతు తగ్గించింది. "ఒకటి తేడాగా ఉంటే మిగతావి మోయవా?"

"ఎన్ని తేడాగా ఉన్నాయో తెలీదండీ."

పై పలకలు తీసి, పట్టీలు ఒక్కొక్కటే పైకి లాగి వంచి చూసింది. మొదటిది బిగుసుకుని నిలబడింది. తరువాతదీ అంతే. టీచరు నిట్టూర్చింది. అన్నీ బాగున్నాయని తేలితే కోడలి పరువు పోతుంది. అయినా అవి బాగుండాలనే ఆమె మనసు కోరుకుంటోంది.

నట్టనడుమ పట్టీ చేతిలో మెత్తగా వంగింది.

టీచరు పిల్లల్ని నేలమీదే వరుసగా నిలబెట్టి పాట అందుకోమంది.

ఇంకా సగం విప్పాలి. అత్తగారు పక్కనే చతికిలబడి ఒక పట్టీ అందుకున్నారు. వంచబోయి ఆగారు.

"ఎంత ఒత్తాలి, అమ్మాయ్?"